ఎండలు ముదరకముందే ఫెర్న్ కుండీకి జాగ్రత్తలు

మార్చి వచ్చేసింది. మే నాటికి నల్గొండలో 44 డిగ్రీలు కొత్తేమీ కాదు. నర్సరీలో ముచ్చటపడి కొన్న బోస్టన్ ఫెర్న్ (పొడవాటి ఈకల్లాంటి ఆకుల కుండీ మొక్క) తొలకరి దాకా బతకాలంటే ఇప్పుడే ఇవి చూసుకోండి.

• మట్టి ఒక్కసారి కూడా పూర్తిగా ఎండిపోకూడదు. ఎండిన రెమ్మ మళ్లీ పచ్చబడదు. నాలుగు రోజులు ఊరెళ్తుంటే తాళంతో పాటు కుండీని కూడా పక్కింటివాళ్లకు అప్పజెప్పండి.

• బోరు నీళ్లు మానండి. మన దగ్గర భూగర్భ జలంలో ఫ్లోరైడ్, ఉప్పులు ఎక్కువ. ఆకు కొనలు మాడినట్టు అవుతాయి. మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా నీళ్లు నయం, వాన నీళ్లు దొరికితే ఇంకా మంచిది. ఇంట్లో ఆర్ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని కుండీలో పోస్తుంటారు. నేనూ ఒక వేసవంతా అదే చేశాను. ఆ నీళ్లలో ఉప్పులు మామూలు బోరు నీళ్లకన్నా ఎక్కువ!

• పడమటి బాల్కనీలో ఉంటే లోపలికి తెచ్చేయండి. మధ్యాహ్నపు ఎండ కన్నా వడగాలే తొందరగా చంపుతుంది. ఉత్తరం కిటికీ దగ్గర, లేదా వెలుతురున్న బాత్‌రూమ్‌లో పెట్టండి.

• ఏసీ గాలి సూటిగా తగలనివ్వొద్దు, తేమ లాగేస్తుంది.

• కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిస్తే పారబోయండి, వేర్లు కుళ్లుతాయి.

• ఆకుల వెనక వరుసగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తే టెన్షన్ పడి మందు కొట్టొద్దు. అవి పురుగులు కావు, ఫెర్న్ సిద్ధబీజాలు, అంటే విత్తనాలకు బదులు ఈ మొక్క వదిలే సన్నటి పొడిలాంటి బీజాల గుంపులు.