కరెంటు తీగ రాని చోట సోలార్ బ్యాటరీ ఎక్కువ ఏళ్లు మన్నాలంటే ఏం చేయాలి?

మా మామిడి తోటలోని గదికి కరెంటు స్తంభం రాలేదు. సోలార్ పెట్టించాం. మొదటి ట్యూబులర్ బ్యాటరీ (ఇళ్ల ఇన్వర్టర్లకు వాడే సీసం రకం) రెండో వేసవి దాటలేదు. రాత్రి ఒంటిగంటకల్లా ఫ్యాన్ ఆగిపోయేది. ‘ఇంకో బ్యాటరీ కలపండి’ అని ఎవరో చెబితే కలిపాను. ఒకరికే చాలని కూడు ఇద్దరికి వడ్డించినట్లయింది, కొత్తదీ పోయింది. అప్పుడు గానీ కాగితం, పెన్ను తీసుకుని కూర్చోలేదు. మీరు ఆ పని ముందే చేయండి.

1. ముందు లెక్క రాసుకోండి

12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో పట్టేది సుమారు 1,800 వాట్ అవర్లు. సీసం బ్యాటరీలో రోజూ సగానికి మించి వాడకూడదు కాబట్టి మీ చేతిలో ఉన్నది 900. ఇక మా ఖర్చు చూడండి. 75 వాట్ల పాత ఫ్యాన్ పది గంటలు తిరిగితే 750. తొమ్మిది వాట్ల బల్బులు రెండు, ఐదు గంటలకు 90. ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా తినేది పదిహేను వాట్లు, రోజుకు 360. దీన్ని ఎవరూ లెక్కలో వేయరు! మొత్తం 1,200. మా 150 వాట్ల ప్యానెల్ ఇచ్చేది, నష్టాలు పోను, రోజుకు మహా అయితే 500. బ్యాటరీ ఒక్కరోజు కూడా కడుపునిండా తినలేదన్నమాట.

అందుకే బ్యాటరీ కొనకముందే ఖర్చు తగ్గించండి. బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ (తక్కువ కరెంటు తినే మోటారుది) సుమారు 30 వాట్లతో తిరుగుతుంది, రాత్రంతా కలిపి 300. ఇన్వర్టర్‌ను సాయంత్రం ఆరుకు వేసి ఉదయం ఆరుకు ఆపితే 180. బల్బులతో కలిపి 570కి దిగింది. ఆ తర్వాతే ప్యానెల్ పెంచండి.

ప్యానెల్ పెంచేటప్పుడు ఒక మెలిక ఉంది, అది ప్యానెల్ నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపుచేసే కంట్రోలర్ పెట్టెతో. ఇళ్ల మీద పెట్టే 335 వాట్ల పెద్ద ప్యానెల్ 37 వోల్టుల దగ్గర, తొమ్మిది ఆంపియర్లతో పనిచేస్తుంది. దాన్ని చవక రకం పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే ఆ తొమ్మిది ఆంపియర్లే వస్తాయి, అంటే 120 వాట్లకు మించదు. మిగతాది గాలికి పోయినట్లే. అలాంటి ప్యానెల్‌కు ఎక్కువ వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి ఇచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ ఉండి తీరాలి. 150 ఏహెచ్ బ్యాటరీకి ఎండ బాగా ఉన్నప్పుడు 15 నుంచి 20 ఆంపియర్లు అందితే సరిపోతుంది.

2. సగం నిండిన బ్యాటరీని రోజుల తరబడి వదలకండి

వాడినప్పుడల్లా లోపలి సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. పూర్తిగా ఛార్జ్ చేస్తే కరిగి వెనక్కి పోతుంది. అలాగే వదిలేస్తే గట్టిపడి రాయిలా అతుక్కుంటుంది, పలకలో ఆ మేర ఇక పనిచేయదు. వయసు మీద పడి పోయే బ్యాటరీల కంటే ఇలా పోయేవే ఎక్కువ అని నా అభిప్రాయం.

ఎంత ఛార్జ్ ఉందో తెలుసుకోవడానికి ఇన్వర్టర్ మీది గీతలను నమ్మకండి. మామూలు మల్టీమీటర్ చాలు. తెల్లవారుజామున, ఎండ రాకముందే, అన్నీ ఆపేసి ఒక అరగంట ఆగి కొలవండి. 12.7 ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.2 అంటే సగం. 12కి దిగితే ఆ రాత్రి ఫ్యాన్ వాడకం తగ్గించుకోవలసిందే. చాలా ఇన్వర్టర్లు 10.5 వోల్టుల దగ్గర గానీ ఆగవు. అప్పటికి బ్యాటరీ అడుగంటి ఉంటుంది. ఇన్వర్టర్ నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటుంది కాబట్టి కంట్రోలర్‌లోని రక్షణ దానికి వర్తించదు. కటాఫ్ (ఇన్వర్టర్ ఆగే వోల్టేజీ) మార్చుకునే వీలుంటే పైకి జరపండి.

ముసురు పట్టిన వారం గడిచాక మొదటి ఎండ రోజున బ్యాటరీకి సెలవివ్వండి. ముందు అది నిండాలి, ఆ తర్వాతే మనం వాడుకోవాలి. ఊరికి వెళ్తే ఇన్వర్టర్ ఆపండి, ప్యానెల్ మాత్రం తీయకండి.

3. నీళ్లు

నెలకోసారి మూతలు చూడండి. పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఆర్వో నీళ్లు, వాన నీళ్లు, యాసిడ్ వద్దు. ఛార్జ్ నిండాక పోయాలి, ముందే అంచుదాకా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ కారుతుంది. పలకలు అప్పటికే బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకే పోసి, ఛార్జ్ చేసి, మిగతాది తర్వాత నింపండి. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. దగ్గర్లో బీడీ వెలిగించవద్దు, ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. అందుకే పడుకునే గదిలో బ్యాటరీ ఉండకూడదు.

యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ఒకటి కొనుక్కోండి, ఖరీదు తక్కువే. చాలా ట్యూబులర్ బ్యాటరీలకు నిండినప్పుడు 1.240 చూపాలి. గడికీ గడికీ (బ్యాటరీలోని ఒక్కో అర) మధ్య తేడా 0.030 దాటితే ఈక్వలైజేషన్, అంటే కాసేపు ఎక్కువ వోల్టేజీతో ఛార్జ్ చేసి గడులన్నిటినీ సమం చేయడం, అవసరం. అది మూత తీసి నీళ్లు పోసే బ్యాటరీలకే, అదీ తయారీదారు చెప్పిన వోల్టేజీకే. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సరిగ్గా ఎంచుకున్నారో లేదో కూడా ఇప్పుడే చూడండి. జెల్ అని పెట్టి ట్యూబులర్ నడుపుతున్నవాళ్లను చూశాను.

4. ఎండ ప్యానెల్‌కు, నీడ బ్యాటరీకి

25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీల వేడికీ సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని స్థూలమైన లెక్క. రామగుండం, రెంటచింతల మే నెలలో 45 డిగ్రీలు దాటుతాయి. అలాంటి ఎండలో రేకుల షెడ్డులో పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఉత్తరపు గోడ నీడలో, పైనా కిందా గాలి కన్నాలున్న చోట పెట్టండి. కంట్రోలర్‌కు ఉష్ణోగ్రత కొలిచే తీగ ఉంటే దాన్ని బ్యాటరీ పక్కకు అతికించండి, వేడెక్కినప్పుడు ఛార్జింగ్ వోల్టేజీని అదే తగ్గిస్తుంది. నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందనేది పాత మాట, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు వర్తించదు. అయినా చెమ్మకు దూరంగా ఒక చెక్క వేయడం మంచిదే.

టెర్మినళ్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే వంట సోడా కలిపిన నీళ్లతో తుడవండి. అవి మూత కన్నాల్లోకి పోకూడదు. ఆరాక బిగించి పెట్రోలియం జెల్లీ రాయండి. పాత బ్యాటరీకి కొత్తది జోడించవద్దు, నీరసించింది రెండోదాన్నీ లాగేస్తుంది. ఇంట్లో పడి ఉన్న ట్రాక్టర్ బ్యాటరీ కలపాలన్న ఆలోచన మానుకోండి. అది ఇంజిన్‌ను ఒక్క ఊపున తిప్పడానికి చేసింది, రాత్రంతా ఫ్యాన్ నడపడానికి కాదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవారికి సగం ఛార్జ్ గొడవ లేదు, నీళ్ల పనీ లేదు. వేడి జాగ్రత్త మాత్రం అంతే. కంట్రోలర్‌లో లిథియం అని మార్చి, ఈక్వలైజేషన్ పూర్తిగా ఆపేయాలి.

గోడకు ఒక నోటుపుస్తకం వేలాడదీసుకోండి. తేదీ, తెల్లవారుజాము వోల్టేజీ, ఏ గడిలో ఎన్ని నీళ్లు పోశారో రాయండి. మా ఇప్పటి బ్యాటరీకి ఐదో వేసవి నడుస్తోంది, ఉదయాన 12.4 చూపుతోంది. మూడో గడి మాత్రం రెండు నెలలుగా మిగతావాటికంటే ఎక్కువ నీళ్లు తాగుతోంది. దాని మీద కన్నేసి ఉంచాను.