భార్య ఇండియాలో, భర్త అమెరికాలో: ట్యాక్స్ రిటర్న్ జాయింట్‌గా వేయడం ఎలా?

పెళ్లి కాగానే ఒకరు డాలస్‌కో న్యూజెర్సీకో తిరిగి వెళ్లిపోవడం, రెండోవారు వీసా వచ్చేదాకా ఇండియాలోనే ఆగిపోవడం మన ఇళ్లలో మామూలే. జనవరి చివర్లో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) చేతికొచ్చాక ప్రశ్న మొదలవుతుంది. అమెరికాలో ఒక్కసారి కూడా అడుగుపెట్టని మనిషితో కలిపి అక్కడ రిటర్న్ వేయొచ్చా? వేయొచ్చు. చట్టంలోనే దానికి దారి ఉంది, చాలామందికి వేల డాలర్లు మిగులుతాయి కూడా. కానీ ఆ దారి పడితే ఇండియాలో ఉన్న మనిషి తన సంపాదన మొత్తాన్ని అమెరికా లెక్కలోకి తెస్తూ సంతకం పెట్టాలి. ఆ సంతకం దేనికో ఇద్దరికీ తెలిశాకే పని మొదలుపెట్టాలి.

ఇక్కడి అంకెలన్నీ 2025 సంవత్సరానివి, అంటే 2026 ఏప్రిల్ 15లోగా వేసే రిటర్న్‌వి. చెప్పడానికి వీలుగా భర్త అమెరికాలో, భార్య ఇండియాలో అనుకుందాం. అటూ ఇటూ అయినా నియమాలు అవే.

1. ముందు మీకు అర్హత ఉందో లేదో చూసుకోండి

డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాది మొత్తానికీ పెళ్లయినట్టే లెక్క. డిసెంబర్ 28న అన్నవరంలో తాళి కట్టినా సరే, ఆ ఏడాదికి ‘సింగిల్’ అని వేయకూడదు. భార్య ఇక్కడ లేదు కదా అని చాలామంది సింగిల్ అనే పెట్టేస్తారు. అది తప్పు రిటర్న్ అవుతుంది. మీ ముందున్నవి రెండే దారులు: జాయింట్‌గా వేయడం, లేదా పెళ్లయినవారు విడివిడిగా వేసే పద్ధతి. అమెరికాలో మీతో పాటు ఉండే పిల్లలెవరైనా మీ మీద ఆధారపడి ఉంటే ‘హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్’ (ఇంటిని పోషించేవారిగా వేసే పద్ధతి) కుదురుతుందేమో చూడొచ్చు, కానీ కొత్తగా పెళ్లయినవారికి ఆ అవకాశం సాధారణంగా ఉండదు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలను డిపెండెంట్లుగా చూపించడం మాత్రం కుదరదు.

జాయింట్‌గా వేయాలంటే ఏడాది ఆఖరి రోజుకు ఇద్దరిలో ఒకరైనా అమెరికా పౌరులో, ట్యాక్స్ లెక్కలో రెసిడెంటో అయి ఉండాలి. గ్రీన్‌కార్డు ఉంటే రెసిడెంటే. హెచ్1బీ వారికి రోజుల లెక్క: ఆ ఏడాది కనీసం 31 రోజులు ఉండాలి. దానితో పాటు ఆ ఏడాది రోజులన్నీ, ముందటేడాది రోజుల్లో మూడోవంతు, అంతకు ముందటి ఏడాది రోజుల్లో ఆరోవంతు కలిపితే కనీసం 183 కావాలి. ఎఫ్1 మీద చదువుతున్నవారికి, ఓపీటీలో (చదువయ్యాక అదే వీసా మీద చేసే ఉద్యోగంలో) ఉన్నవారికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు ఈ లెక్కలోకి రావు. కాబట్టి వాళ్లు ఇంకా నాన్‌రెసిడెంట్లే. ఇద్దరూ నాన్‌రెసిడెంట్లయితే ఈ దారి లేదు.

2. రెండు రకాలుగానూ లెక్క వేసి చూడండి

భర్త జీతం 1,10,000 డాలర్లు, భార్యకు ఏ ఆదాయమూ లేదు అనుకుందాం. విడిగా వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లు. మిగిలిన 94,250 మీద ఫెడరల్ పన్ను 15,649 డాలర్లు అవుతుంది. జాయింట్‌గా వేస్తే డిడక్షన్ 31,500. మిగిలిన 78,500 మీద పన్ను 8,943 డాలర్లే, ఎందుకంటే 12 శాతం శ్లాబు జాయింట్‌లో 96,950 దాకా సాగుతుంది. తేడా 6,706 డాలర్లు.

భార్యకు ఉద్యోగమో ఆస్తులో ఉంటే ఈ లెక్క ఇంత సులువుగా తేలదు. అసలు పని అక్కడే ఉంది.

3. భార్య పేరున ఉన్న ఆదాయమంతా ఒక కాగితం మీద రాయండి

జాయింట్‌గా వేయాలంటే నాన్‌రెసిడెంట్ అయిన భార్యను ఆ ఏడాది మొత్తానికి రెసిడెంట్‌గా చూడమని మీరిద్దరూ ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) చెప్పుకోవాలి. ‘ఏడాది మొత్తానికి’ అన్న మాట ముఖ్యం. పెళ్లి డిసెంబర్‌లో జరిగినా, జనవరి ఒకటి నుంచి ఆమెకు ప్రపంచంలో ఎక్కడ ఏ ఆదాయం వచ్చినా రిటర్న్‌లో చూపించాలి. పెళ్లికి ముందు వచ్చిన జీతమూ అందులోదే. ఆ ఏడాది మధ్యలోనే అమెరికా వచ్చి రెసిడెంట్ అయిన హెచ్1బీ భర్త విషయంలోనూ అంతే. అతను ఇండియాలో తీసుకున్న జీతం కూడా లెక్కలోకి వస్తుంది.

జీతం, బ్యాంకు వడ్డీ, ఇంటి అద్దె ఎవరికైనా గుర్తుంటాయి. మనవాళ్లు మర్చిపోయేవి వేరే ఉంటాయి. నాన్న ఆమె పేరున వేసిన ఎఫ్‌డీ వడ్డీ. పీపీఎఫ్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఆ మినహాయింపు లేదు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం మీద ఏటా వచ్చే కౌలు కూడా అంతే, వ్యవసాయ ఆదాయం ఇండియాలో పన్ను లేనిది, అమెరికాలో మామూలు ఆదాయమే. ఆ ఏడాది ప్లాటు అమ్మితే వచ్చిన లాభం కూడా రాయాలి. ఒంటి మీది బంగారం, ఆమె పేరున ఊరికే ఉన్న స్థలం ఆదాయాలు కావు, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

మ్యూచువల్ ఫండ్లు ఉంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ఇండియా ఫండ్లను అమెరికా చట్టం ‘పీఎఫ్ఐసీ’ అనే విడి కోవలో పెట్టి గట్టిగా పన్ను వేస్తుంది. ఒక్కో ఫండ్‌కూ ఫారం 8621 నింపాల్సి రావచ్చు. ఆమెకు పది సిప్‌లు నడుస్తుంటే, మిగిలే పన్నులో పెద్ద ముక్క సీపీఏ (అమెరికా అకౌంటెంట్) ఫీజుకే పోవచ్చు. అలాంటి ఇంట్లో విడిగా వేయడమే మంచిదని నేనంటాను.

జీతం విషయంలో ఊరట ఉంది. వరుసగా 12 నెలల్లో 330 పూర్తి రోజులు అమెరికా బయట ఉన్నవారు ఫారం 2555 ద్వారా 1,30,000 డాలర్ల దాకా జీతాన్ని మినహాయించుకోవచ్చు. రెసిడెంట్‌గా ఎంచుకున్న భార్యకూ ఇది దొరుకుతుంది. వడ్డీకి, అద్దెకు, కౌలుకు ఇది వర్తించదు. లేదంటే ఇండియాలో కట్టిన పన్నును ఫారం 1116 ద్వారా క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఒకే జీతానికి రెండూ కుదరవు. ఆరు లక్షల జీతానికి కొత్త పన్ను విధానంలో రిబేటు పోను ఇండియాలో పన్నే పడదు. కట్టని పన్నుకు క్రెడిట్ రాదు కాబట్టి అక్కడ 2555 నయం.

ఇంకో చిక్కు తేదీలది. ఇండియా లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, అమెరికా లెక్క జనవరి నుంచి డిసెంబర్. ఒక్క ఫారం 16తో పని జరగదు. పన్నెండు నెలల పే స్లిప్పులు తీసి పెట్టండి, బ్యాంకును జనవరి-డిసెంబర్ వడ్డీ సర్టిఫికెట్ అడగండి. రూపాయలను డాలర్లలోకి మార్చడానికి ఐఆర్‌ఎస్ ఆ ఏడాదికి ప్రకటించే సగటు రేటు వాడొచ్చు. ఇండియాలో ఆమె వేసే ఐటీ రిటర్న్ మాత్రం ఎప్పటిలాగే వేరుగా వేయాలి.

4. డిక్లరేషన్ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి

దీనికి ప్రత్యేకంగా ఫారం లేదు. తెల్ల కాగితం మీద ఇంగ్లిష్‌లో రెండు విషయాలు రాస్తే చాలు: ఏడాది ఆఖరి రోజున ఒకరు అమెరికా పౌరులు లేదా రెసిడెంట్, మరొకరు నాన్‌రెసిడెంట్ అని, ఇద్దరినీ ఏడాది మొత్తానికి రెసిడెంట్లుగా చూడాలని ఎంచుకుంటున్నామని. కింద ఇద్దరి పేర్లు, అడ్రసులు, నంబర్లు, సంతకాలు. మొదటి ఏడాది రిటర్న్‌కు దీన్ని జత చేయాలి.

జాయింట్ రిటర్న్‌లో పన్ను బాకీకి ఇద్దరూ పూర్తి బాధ్యులు. భర్త ఏదైనా ఆదాయం దాచి ఉంటే ఆ బాకీ ఇండియాలో ఉన్న భార్య మీదికీ వస్తుంది. ‘ఇక్కడ సంతకం పెట్టి కొరియర్ చెయ్’ అని ఆఖరి పేజీ ఒక్కటే పంపకండి. రిటర్న్ మొత్తం ఆమెకు పంపి, ఫోన్‌లో ఒక్కో పేజీ కలిసి చదవండి.

5. ఐటిన్ కోసం డబ్ల్యూ-7 నింపండి

ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు కాబట్టి ఐటిన్ (దాని బదులు ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు) కావాలి. పాన్, ఆధార్ ఇక్కడ పనికిరావు. దాని దరఖాస్తు ఫారం డబ్ల్యూ-7లో కారణం దగ్గర ‘ఇ’ గడి టిక్ చేసి భర్త పేరు, నంబరు రాయాలి. పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఎలా ఉందో అలాగే ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఇక్కడ ఒక్క ఇనీషియల్ రాస్తే కుదరదు. పెళ్లయిందని భర్త ఇంటిపేరు తగిలించకండి. పుట్టిన తేదీలో నెల ముందు, రోజు తర్వాత. జూలై 4న పుట్టినవారు మన అలవాటుకొద్దీ 04/07 అని రాస్తే అది ఏప్రిల్ 7 అవుతుంది. ఉత్తరాలు రావాల్సిన అడ్రస్ దగ్గర భర్తది, విదేశీ అడ్రస్ దగ్గర ఆమె ఇండియా ఇల్లు రాయండి. సంతకం ఆమెదే.

రుజువుగా పాస్‌పోర్టు ఒక్కటి చాలు. కానీ ఒరిజినల్ పంపాలి, లేదా దాన్ని జారీ చేసిన సంస్థే ధ్రువీకరించిన కాపీ పంపాలి. నోటరీ చేయించిన జిరాక్స్‌ను ఐఆర్‌ఎస్ ఒప్పుకోదు. వీసా ఇంటర్వ్యూ ముందు పెట్టుకుని ఒరిజినల్ పాస్‌పోర్టును అమెరికా పోస్టులో వేయడం ఎవరికీ మంచిది కాదు. ఇలాంటి కాగితాలు చూసి ధ్రువీకరించే అధికారం ఐఆర్‌ఎస్ ఇచ్చిన సర్టిఫైయింగ్ ఏజెంట్లు ఇండియాలోనూ ఉన్నారు. వారి జాబితా ఐఆర్‌ఎస్ సైట్‌లో దేశాలవారీగా ఉంటుంది. ఫీజు తీసుకుంటారు, కానీ పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉంటుంది. ఆ డబ్బు పెట్టడమే తెలివైన పని.

6. అన్నీ కలిపి పోస్టులో పంపండి

డబ్ల్యూ-7 జత చేసిన ఈ మొదటి రిటర్న్‌ను కాగితం మీదే, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న ఐటిన్ విభాగానికి పంపాలి. పైన డబ్ల్యూ-7, కింద ఇద్దరూ సంతకం చేసిన 1040 (రిటర్న్ ఫారం), ఆ తర్వాత డిక్లరేషన్, డబ్ల్యూ-2. భార్య నంబరు గడి ఖాళీగా వదిలేయాలి. ట్రాకింగ్ ఉన్న పోస్టులో వేసి ప్రతి పేజీ స్కాన్ దాచుకోండి. సీజన్‌లో ఐటిన్‌కు 9 నుంచి 11 వారాలు పట్టొచ్చు, రీఫండ్ ఆ తర్వాతే.

ఏప్రిల్ 15 లోపు కాగితాలు కుదరకపోతే ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా గడువు దొరుకుతుంది. అది రిటర్న్ వేయడానికే. కట్టాల్సిన పన్ను ఉంటే ఏప్రిల్‌లోనే కట్టాలి. విడిగా వేసేసినవారు కూడా సాధారణంగా మూడేళ్లలోగా 1040-ఎక్స్‌తో (రిటర్న్‌ను సవరించే ఫారం) జాయింట్‌కు మారొచ్చు. జాయింట్‌గా వేశాక గడువు దాటితే విడిగా మారడం కుదరదు.

7. పక్కన వేయాల్సిన రిపోర్టులు మరవకండి

భర్త పేరున, ఉమ్మడిగా ఉన్న ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు ఖాతాల రిపోర్టు) వేయాలి. ఈ ఎంపిక ఒక్కదాని వల్లే భార్య సొంత ఖాతాలు ఎఫ్‌బార్‌లోకి రావు. రిటర్న్‌తో పాటు విదేశీ ఆస్తులు చూపించే ఫారం 8938లోకి మాత్రం వస్తాయి, అయితే దాని పరిమితులు చాలా ఎక్కువ. స్టేట్ ట్యాక్స్ నియమాలు స్టేట్‌ను బట్టి మారతాయి. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లలో జీతం మీద ఆ బెడద లేదు.

8. వచ్చే ఏడాది నుంచి

ఈ ఎంపిక ఒక్క ఏడాదితో ఆగదు, మీరు రద్దు చేసేదాకా ప్రతి ఏడాదికీ నడుస్తుంది. తర్వాతి ఏళ్లలో విడిగా వేసినా భార్య ప్రపంచ ఆదాయం మీద పన్ను బాధ్యత అలాగే ఉంటుంది. ఇద్దరిలో ఎవరు రాసిచ్చినా రద్దవుతుంది, విడాకులైనా ముగుస్తుంది. కానీ ఒకసారి ముగిస్తే ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎప్పుడూ దీన్ని వాడుకోలేరు. రెండేళ్లలో ఆమె పెద్ద ఆస్తి అమ్మే ఆలోచన ఉంటే ఇప్పుడే దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఐటిన్ వచ్చాక మామూలుగా ఈ-ఫైల్ చేయొచ్చు. వరుసగా మూడేళ్లు వాడకపోతే అది చెల్లకుండా పోతుంది. ఆమె అమెరికా వచ్చి పని అనుమతితోనో గ్రీన్‌కార్డుతోనో సోషల్ సెక్యూరిటీ నంబర్ తీసుకున్న రోజు నుంచి ఐటిన్ వాడటం ఆపేసి, రెండు నంబర్ల రికార్డూ కలపమని ఐఆర్‌ఎస్‌కు ఉత్తరం రాయాలి.