అరకు రైలులో ఇల్లు మరిచిపోవాలనిపిస్తే

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు సొరంగాలు దాటుకుంటూ, సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ స్టేషన్ చేరేసరికి, ఉద్యోగం, అద్దె ఇల్లు, నెలవారీ వాయిదాలు అన్నీ వదిలేసి ఇక్కడే ఉండిపోదామన్న కోరిక నాకు ఒక్కసారిగా కలిగింది. మీకూ అలాంటి కోరిక కలిగితే దాన్ని అణచుకోకండి, అలాగని ఆ క్షణంలోనే రాజీనామా లేఖ కూడా పంపకండి.

ముందుగా, దేని నుంచి పారిపోవాలనిపిస్తోందో ఒక చీటీ మీద పేరుపెట్టి రాసుకోండి. నేను "ఊరు" అని రాసి, కాసేపటికి కొట్టేసి, "రాత్రి పదింటికి వచ్చే ఆఫీసు ఫోన్లు" అని రాశాను. అది ఊరు మారకుండానే మాట్లాడి సరిచేసుకోగల విషయం. ఆ తరువాత వీలైతే తిరుగు ప్రయాణాన్ని ఒక రోజు వాయిదా వేసి, చూడవలసిన ప్రదేశాలన్నీ పక్కనపెట్టి, అక్కడ కాపురమున్నవారిలా గడపండి: బట్టలు ఉతుక్కోండి, సంతలో కూరలు బేరమాడండి, అద్దెలు విచారించండి. వలిసె పూలు విరబూసే నవంబరులో పుట్టిన కోరిక జోరువానల ఆగస్టులోనూ నిలుస్తుందేమో మరోసారి వెళ్లి చూసుకోండి (నాకు నిలిచింది). చీటీని మాత్రం అప్పటిదాకా పారేయకండి.