సోమాటిక్స్ నేర్చుకుందాం – నాలుగో పాఠం: చెవుల దాకా లేచే భుజాలు

ఒంటిని లోపలి నుంచి గమనిస్తూ, నెమ్మదైన కదలికలతో దాని బిగువులు వదలడం నేర్చుకోవడమే సోమాటిక్స్. గత పాఠంలో వెల్లకిలా పడుకుని, ఊపిరిని మార్చకుండా అది ఒంట్లో ఎక్కడెక్కడ కదులుతోందో చూడమన్నాను. పొట్ట కదలడం తెలిసింది గానీ మెడ, పై వీపు దగ్గర ఏమీ తెలియలేదని చాలామంది అన్నారు. తెలియడం లేదన్న సంగతి మీకు తెలిసింది కదా, అదే కావాలి. ఈ వారం పని అక్కడే.

ముందు చిన్న పరీక్ష. ఇది చదువుతున్న చోటే, కూర్చున్న తీరు మార్చకుండా, మీ భుజాలు ఎక్కడున్నాయో చూడండి. కుడి చెవికీ కుడి భుజానికీ ఎంత ఎడం ఉంది? ఎడమ వైపు ఎంత? అద్దం వద్దు, చేత్తో తాకొద్దు. లోపలి నుంచే చూడాలి. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా బ్రేకు మీద వేళ్ళు తీయకుండా బండి నడిపేవాళ్ళకు, ల్యాప్‌టాప్ బ్యాగు ఎప్పుడూ ఒకే భుజానికి తగిలించేవాళ్ళకు, ఫోన్ను చెవి కింద నొక్కిపెట్టి కూరగాయలు తరిగేవాళ్ళకు రెండు వైపులా తేడా త్వరగానే తెలుస్తుంది.

క్లాసులు మొదలుపెట్టిన కొత్తలో నేను "భుజాలు దించండి, నిటారుగా కూర్చోండి" అనే చెప్పేదాన్ని. చెప్పగానే అందరూ దించేవారు. మాట వేరే దాని మీదికి మళ్ళగానే భుజాలు మళ్ళీ పైకి చేరేవి. యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో పొద్దున్నే చాపలు పరుచుకుని చేసేవాళ్ళను గమనిస్తుంటే విషయం అర్థమవుతూ వచ్చింది. దించమన్నప్పుడు వాళ్ళు పైకి లాగే కండరాన్ని వదలడం లేదు. కిందికి లాగే కండరాన్ని కూడా బిగిస్తున్నారు. అంటే ఒక బిగువు మీద ఇంకో బిగువు. అందుకే ఇప్పుడు నేను భుజాలు దించమని ఎవరినీ అడగను. ఎత్తమంటాను.

దీనికి ఆధారం థామస్ హన్నా చెప్పిన మాట. సోమాటిక్స్ అనే పేరును 1970లలో వాడుకలోకి తెచ్చిన అమెరికన్ ఆయన. ఒక కండరం ఏళ్ళ తరబడి టెన్షన్‌లో బిగిసి ఉంటే, దాన్ని వదిలే పనిని మెదడు మరిచిపోతుందని ఆయన వివరణ. మరిచిపోయినదాన్ని బయటి నుంచి ఎంత సాగదీసినా మళ్ళీ బిగుస్తుంది. కావాలని బిగించి, తెలిసి మెల్లగా వదిలితే గుర్తొస్తుంది. నిద్ర లేచిన పిల్లి ముందు కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకోవడం చూసే ఉంటారు. మనం చేయబోయేది అదే, కాకపోతే చాలా నెమ్మదిగా.

చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళు మడిచి పాదాలు నేల మీద ఉంచండి. తల కింద మడతపెట్టిన దుప్పటి చాలు, మెత్తటి దిండు వద్దు. ఇప్పుడు కుడి భుజాన్ని నేల మీద జార్చుతూ చెవి వైపు తీసుకెళ్ళండి. మీకున్న బలంలో పావు వంతు వాడితే చాలు. మెడ పక్కన ఏది బిగుస్తోంది? వేళ్ళు ముడుచుకున్నాయా? దవడ బిగిసిందా? కాస్త ఆగి, భుజాన్ని తిరిగి కిందికి వదలండి. ఎత్తడానికి పట్టిన సమయం కంటే దించడానికి ఎక్కువ సమయం పట్టాలి. పాఠమంతా ఈ దించడంలోనే ఉంది, ఇక్కడ తొందరపడకండి.

దించేటప్పుడు ఎక్కడో ఒకచోట భుజం టక్కున జారిపోతుంది. ఆ కాస్త దూరంలో పట్టు మీ చేతిలో లేదన్నమాట. మళ్ళీ కొంచెం పైకి వెళ్ళి, ఆ ఒక్క చోటునే ఇంకా నెమ్మదిగా దాటండి. కిందికి వచ్చాక పూర్తిగా వదిలేసి రెండు మూడు ఊపిరులు ఆగండి. ఇలా నాలుగైదు సార్లు చాలు. ఎక్కువసార్లు చేస్తే ఒంటికి అది వ్యాయామం అయిపోతుంది, గమనించడం పోతుంది.

ఎడమ వైపు వెంటనే చేయకండి. లేచి గదిలో నాలుగడుగులు నడవండి. కుడి చెయ్యి ఊగే తీరు, ఎడమ చెయ్యి ఊగే తీరు పోల్చండి. మోషే ఫెల్డెన్‌క్రైస్ పాఠాల్లోనూ ఇలా ఒక పక్కే చేసి ఆగడం తరచూ ఉంటుంది. 1904లో పుట్టిన ఆయన భౌతిక శాస్త్రవేత్త, జూడో గురువు. ఫుట్‌బాల్ ఆడుతూ దెబ్బతిన్న తన మోకాలిని గమనిస్తూ గమనిస్తూ ఒక పద్ధతినే తయారుచేశాడు. రెండు పక్కల తేడా ఒంటికి దొరికితే, ఎటు వెళ్ళాలో అదే తేల్చుకుంటుందని నా అనుభవం కూడా.

తక్కువ బలమే ఎందుకంటే, పది కిలోల బియ్యం సంచి మోస్తున్నప్పుడు దాని మీద నిమ్మకాయ పెట్టినా తెలియదు, ఖాళీ అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టినా తెలుస్తుంది. బలం పెరిగే కొద్దీ చిన్న తేడాలు పట్టుకోలేం.

భుజం నొప్పి చేతిలోకి పాకుతుంటే, వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, ఈ మధ్యే ఆపరేషన్ అయివుంటే ముందు డాక్టరును కలవండి. ఛాతీలో నొప్పి, చెమటలతో పాటు భుజం లాగితే ఈ పాఠం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక వారమంతా చేయాల్సిన పని. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. భుజాలు ఎప్పుడు లేస్తున్నాయో పట్టుకోండి. అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు జనంలోనా? ఫోన్లో ఫలానా పేరు కనబడగానేనా? నా దగ్గర నేర్చుకునే ఒక స్కూలు టీచరుకు, ఇష్టం లేని పనికి "సరే" అనడానికి ఒక్క క్షణం ముందు తన కుడి భుజం లేస్తుందని తెలిసింది. ఆమె భుజాన్ని సరిచేయలేదు. అది లేచినప్పుడల్లా "రేపు చెప్తానండీ" అనడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళకు మొదట ఇది నచ్చలేదు. ఆ ఇబ్బందిని ఆమె ఓర్చుకుంది. ఇలాంటి మార్పును నేను నేర్పించలేను. అది కనబడే చోటుకు మిమ్మల్ని తీసుకురాగలను, అంతే.

రాత్రి పడుకునే ముందు రోజుకు ఒక్క వాక్యం రాయండి. భుజం ఎప్పుడు లేచింది, ఎదురుగా ఎవరున్నారు. కారణాలు వెతకొద్దు. ఎవరిమీదా తీర్పు వద్దు, మీమీద అసలే వద్దు.

వచ్చే పాఠం నడుము గురించి. చాపతో పాటు ఒక పాత టవలు మడిచి దగ్గర పెట్టుకోండి. భోజనం చేసి కనీసం రెండు గంటలు అయివుండాలి.