కొత్త ఆట నడుస్తుంది, పాత సేవ్ ఆగిపోతుంది: అడల్ట్ గేమ్ మొదలుపెట్టినవాళ్లకు సమస్య - పరిష్కారం

అడల్ట్ గేమ్ తయారీలోకి కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది రెన్‌పై అనే కథల ఆటల తయారీ సాధనంతో మొదలుపెడతారు. కథ, బొమ్మలు, ఎంపికలు ఉంటే చాలు, కోడింగ్ పెద్దగా రాకపోయినా పని జరుగుతుంది. అందుకే ఇక్కడ రాసేదంతా రెన్‌పై లెక్కలోనే. లేబుల్ రాయడం, మెనూ పెట్టడం, బిల్డ్ తీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందుగా ఒక్క మాట. లాంచర్‌లో స్క్రిప్ట్‌ని చెక్ చేసే బటన్ ఉంటుంది, దాన్నే లింట్ అంటారు. ఏ సమస్య వచ్చినా ముందు అది నొక్కండి. రోజుల తరబడి తల పట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను. వాళ్లు వెతుకుతున్న తప్పు లింట్ రిపోర్టులో మూడో వరుసలో ఉంటుంది. ఒక్క నిమిషం పని. దయచేసి దాటేయకండి.

ఆట తెరుచుకోవడం లేదు, ఎర్రర్ తెర వస్తోంది

ఎర్రర్ తెరను చూసి కంగారుపడి మూసేయకండి, చదవండి. ఏ ఫైల్, ఎన్నో వరుస అన్నది అందులోనే ఉంటుంది. ఆ వరుసలో తప్పేమీ కనిపించకపోతే దాని పై వరుస చూడండి. మూయని కొటేషన్ గుర్తు, మరిచిపోయిన కోలన్ సాధారణంగా అక్కడే దొరుకుతాయి. వరుస ముందు ఖాళీలకి ట్యాబ్ వాడితే రెన్‌పై ఒప్పుకోదు, స్పేసులే కావాలి.

సంభాషణలను వర్డ్‌లాంటి దాంట్లో రాసి తెచ్చి అతికించే అలవాటు ఉంటే కొటేషన్ గుర్తులను దగ్గరగా చూడండి. వర్డ్ వాటిని వంకర గుర్తులుగా మారుస్తుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి కానీ రెన్‌పైకి నిటారు గుర్తే కొటేషన్. ఫైల్ మొత్తం మీద ఫైండ్ - రీప్లేస్ కొడితే సరిపోతుంది.

కొత్తగా ఆడితే అంతా బాగుంది, పాత సేవ్ తెరిస్తే ఆగిపోతోంది

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, నాకు చేతులు కాలింది కూడా ఇక్కడే. అడల్ట్ గేమ్‌లు ఒకేసారి పూర్తయి బయటికి రావు. 0.1, 0.2, 0.3 అంటూ ముక్కలుగా వస్తాయి. ఆడేవాళ్లు మొదటి ముక్క నుంచి అదే సేవ్‌ని మోసుకుంటూ వస్తారు. ఆ సేవ్ చెడిందంటే వాళ్లు మళ్లీ మొదటి నుంచి ఆడాలి. చాలామంది ఆడరు, వదిలేసి వెళ్లిపోతారు.

నా ఆట 0.4 విడుదల చేసిన రాత్రి సంగతి చెబుతాను. కొత్త అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు ఆడి చూసుకున్నాను. లింట్ శుభ్రంగా ఉంది. అప్‌లోడ్ చేసి పడుకున్నాను. తెల్లారేసరికి ఇన్‌బాక్స్‌లో ఒకటే ఫిర్యాదు, పదిమంది దగ్గర నుంచి: సేవ్ తెరిచి, వంటగది సీన్‌లో 'నిజం చెప్పు' అనే ఎంపిక నొక్కగానే ఎర్రర్. నా కంప్యూటర్‌లో అదే సీన్, అదే ఎంపిక చక్కగా నడుస్తున్నాయి. 'తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి' అని ఇద్దరికి జవాబిచ్చాను కూడా. అది తప్పుడు సలహా, ఎవరికీ ఇవ్వకండి. రెండో రోజు ఒకతను తన ట్రేస్‌బ్యాక్ ఫైల్, అంటే ఎర్రర్ ఎక్కడ వచ్చిందో రాసి ఉండే ఫైల్, మొత్తం పంపించాడు. చివరి వరుసలో నేమ్ ఎర్రర్, 'అనుమానం' అనే పేరే లేదని.

జరిగింది ఇది. ఆ పాత్రకి మన మీద ఎంత అనుమానం ఉందో లెక్కపెట్టడానికి 0.4లో 'అనుమానం' అనే వేరియబుల్ కొత్తగా పెట్టాను. పాతవన్నీ ఎక్కడ ఉన్నాయో అక్కడే, అంటే స్టార్ట్ లేబుల్ కింద, డాలర్ గుర్తు పెట్టి అనుమానం = 0 అని రాశాను. కొత్తగా ఆడేవాళ్లు స్టార్ట్ మీదుగానే వెళ్తారు కాబట్టి వాళ్లకి ఆ వేరియబుల్ పుడుతుంది. సేవ్ తెరిచేవాళ్లు నేరుగా ఆపిన చోటికి వెళ్తారు. వాళ్లు స్టార్ట్ దాటి నెలలయింది. అప్పుడు అక్కడ ఆ వరుసే లేదు. వంటగది సీన్‌లో 'అనుమానం 5 కన్నా ఎక్కువ ఉంటే' అని ఆట అడిగేసరికి అసలు ఆ పేరుతో ఏమీ లేదు.

ఇది లింట్‌కి దొరకదు. స్క్రిప్ట్‌లో వేరియబుల్ ఉంది, విలువ కూడా ఇచ్చారు, లింట్ దృష్టిలో అంతా సవ్యమే. మీరు కొత్త ఆట మొదలుపెట్టి పరీక్షిస్తే మీకూ దొరకదు.

పరిష్కారం: ఆటలో మారే ప్రతి వేరియబుల్‌నీ లేబుళ్ల బయట డిఫాల్ట్ అనే పదంతో ప్రకటించండి. డాలర్ గుర్తు తీసేసి, డిఫాల్ట్ అనుమానం = 0 అన్న పద్ధతిలో. కొత్త ఆట మొదలైనప్పుడు రెన్‌పై ఆ విలువ ఇస్తుంది. సేవ్ తెరిచినప్పుడు అందులో ఆ పేరు లేకపోతే అప్పుడూ ఇస్తుంది. ఇప్పటికే ఉంటే ముట్టుకోదు. వేరియబుల్స్ అన్నిటికీ విడిగా ఒక ఫైల్ పెట్టుకుంటే ఏదీ తప్పిపోదు. స్టార్ట్ లేబుల్ కింద ఒక్క వేరియబుల్ కూడా పుట్టకూడదు. మీ ఆట ఇంకా 0.1లోనే ఉంటే ఈరోజే మార్చేయండి.

డిఫాల్ట్‌కీ డిఫైన్‌కీ తేడా తెలియక మరికొందరు చిక్కుకుంటారు. డిఫైన్ అన్నది మారని వాటికి, అంటే పాత్రల పేర్లు, రంగులు, సెట్టింగులకి. ఆటగాడి సంచిలో వస్తువుల జాబితాని డిఫైన్‌తో పెట్టి, కథలో దానికి తాళంచెవి చేర్చారనుకోండి. ఆడుతున్నంతసేపూ తాళంచెవి ఉంటుంది. సేవ్ చేసి, ఆట మూసి, మర్నాడు తెరిస్తే ఉండదు. జాబితా లోపలి సరుకు మారింది కానీ వేరియబుల్ మారలేదు కాబట్టి రెన్‌పై దాన్ని సేవ్‌లో రాయలేదు. ఎర్రర్ కూడా రాదు, అదే ప్రమాదం. ఆటగాడు తాళం వేసిన తలుపు ముందు నిలబడి మీకు మెసేజ్ పెడతాడు.

డిఫాల్ట్ పెట్టినా తీరనిది ఒకటుంది. 0.2లో ఆటగాడు నిజం చెప్పాడా అబద్ధం చెప్పాడా అన్నది 0.5లో కావాల్సి వచ్చింది. అప్పట్లో మీరు రాసి పెట్టుకోలేదు. ఇప్పుడు డిఫాల్ట్‌తో పెడితే పాత సేవ్‌లన్నిటిలో 'చెప్పలేదు' అనే పడుతుంది, నిజం చెప్పినవాడికి కూడా. ఫలానా లేబుల్ చూశాడా లేదా అని అడిగే సీన్ లేబుల్ (seen_label) ఫంక్షన్ ఉంది కదా అని కొందరు దాన్ని వాడతారు. అది ఈ సేవ్ ఒక్కదాని సంగతి చెప్పదు, ఆ కంప్యూటర్‌లో ఎప్పుడు చూసినా అవుననే అంటుంది. రెండు దారులూ ఆడి చూసినవాడికి రెండూ అవునే. దీనికి నేను చేసేది: డిఫాల్ట్ విలువగా నన్ (None, అంటే ఇంకా ఏ విలువా లేదని) పెడతాను, కొత్త అధ్యాయం మొదట్లో అది ఇంకా నన్‌గానే ఉంటే పాత్ర నోటితోనే అడిగిస్తాను, 'ఆ రోజు నాకు నిజమే చెప్పావా?' అని. ఆటగాడు గుర్తుచేసుకుని ఎంచుకుంటాడు, కథకీ అతుకుతుంది. ఇక ముందు ఈ ఇబ్బంది లేకుండా, వాడతారో లేదో తెలియకపోయినా ప్రతి ఎంపికకీ ఒక వేరియబుల్ పెట్టి రాసుకుంటూ పోండి. దానికయ్యే ఖర్చేమీ లేదు.

పాత్రల్ని క్లాస్‌లుగా రాసేవాళ్లకి ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. 0.5లో క్లాస్ ఇనిట్‌లో, అంటే పాత్ర తయారయ్యేటప్పుడు నడిచే భాగంలో, కొత్త లక్షణం చేర్చారు. పాత సేవ్‌లోని పాత్ర పాత క్లాస్‌తో తయారైంది. లోడ్ అయినప్పుడు ఇనిట్ మళ్లీ నడవదు, కాబట్టి దానికి ఆ లక్షణం ఉండదు, ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది. కొత్త లక్షణానికి క్లాస్ స్థాయిలోనే ఒక విలువ ఇచ్చేయండి, పాతవి అక్కడి నుంచి తీసుకుంటాయి. లేదంటే ఆఫ్టర్ లోడ్ అనే పేరుతో లేబుల్ పెట్టండి. సేవ్ తెరిచిన ప్రతిసారీ రెన్‌పై దాన్ని పిలుస్తుంది, లేనివి అక్కడ చేర్చుకోవచ్చు. చేర్చాక బ్లాక్ రోల్‌బ్యాక్ పిలవడం మరవకండి, లేకపోతే ఆటగాడు వెనక్కి తిప్పగానే మీరు చేర్చింది పోతుంది. క్లాస్ పేరు మాత్రం ఎప్పుడూ మార్చకండి. మారిస్తే ఆ సేవ్ అసలు తెరుచుకోదు. ఒకసారి విడుదలైన లేబుల్ పేర్లనీ అలాగే వదిలేయండి, అందంగా లేకపోయినా సరే.

ఇవన్నీ ముందే పట్టుకునే దారి ఒకటే ఉంది. ప్రతి విడుదలకి ముందు ఆ వెర్షన్‌లో మూడు నాలుగు చోట్ల సేవ్ చేసి, ఆ ఫైళ్లను 0.1, 0.2 అని ఫోల్డర్లు పెట్టి దాచుకోండి. విండోస్‌లో సేవ్‌లు యాప్‌డేటా, రోమింగ్, రెన్‌పై లోపల మీ ఆట పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటాయి. కొత్త బిల్డ్ తీశాక పాతవన్నీ ఒక్కొక్కటిగా తెరిచి, కొత్త అధ్యాయం చివరి దాకా నడిపించండి. నాకు ఇప్పుడు దీనికి నలభై నిమిషాలు పడుతుంది. ఇది చేయకుండా నేను ఏదీ విడుదల చేయను.

పాత ప్రాజెక్ట్ కాపీ చేసి కొత్త ఆట మొదలుపెడితే రెండిటి సేవ్‌లూ కలిసిపోతున్నాయి

ఆప్షన్స్ ఫైల్‌లో సేవ్ డైరెక్టరీ పేరు రెండిటికీ ఒకటే ఉంది. కొత్త ఆటకి పేరు మార్చండి. ఇప్పటికే విడుదలైన ఆటకి మాత్రం మార్చకండి, అందరి సేవ్‌లూ ఒక్కసారిగా మాయమవుతాయి.

వయసు అడిగే తెర మీకు బాగానే ఉంది, కొత్తవాళ్లకి తప్పుగా వస్తోంది

మీకు 18 నిండాయా అని అడిగే తెరకి మీరు మొదటిరోజు 'అవును' కొట్టారు. ఆ జవాబు పర్సిస్టెంట్ డేటాలో, అంటే ఏ సేవ్‌తోనూ సంబంధం లేకుండా ఆట గుర్తుపెట్టుకునే వాటిలో, ఉండిపోయింది. ఆ తర్వాత మీరు ఆ తెరని మళ్లీ చూడనేలేదు, దాని చుట్టూ ఉన్న కోడ్ మాత్రం పదిసార్లు మార్చారు. లాంచర్‌లో పర్సిస్టెంట్ డేటాని తుడిచే బటన్ ఉంది. విడుదలకి ముందు అది నొక్కి, మొదటిసారి ఆడేవాడిలా తెరిచి చూడండి.

ఆ తెరని స్టార్ట్ లేబుల్‌లో పెట్టకండి. అక్కడ పెడితే మెయిన్ మెనూ బొమ్మ ముందే కనిపిస్తుంది, సేవ్ తెరిచినవాడు వయసు తెర దాటకుండానే లోపలికి వెళ్తాడు. స్ప్లాష్ స్క్రీన్ లేబుల్ మెయిన్ మెనూ కన్నా ముందు నడుస్తుంది, దాని చోటు అదే.

రెండర్ నిన్నటి దాకా పది నిమిషాలు, ఇవాళ నాలుగు గంటలు

ఆట బొమ్మలని డాజ్ స్టూడియో అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో, ఐరే అనే రెండర్ ఇంజిన్‌తో తీస్తున్నవాళ్లకి ఇది తప్పకుండా ఎదురవుతుంది. సీన్ గ్రాఫిక్స్ కార్డు మెమరీలో పట్టకపోతే రెండర్ ప్రాసెసర్ మీదికి వెళ్లిపోతుంది. కొత్తగా చేర్చిన పాత్ర జుట్టు, బట్టల టెక్స్చర్లు చూడండి. కెమెరాకి కనిపించనివి దాచేయండి, దూరంగా ఉన్నవాటి టెక్స్చర్ సైజు తగ్గించండి. అప్పటికీ తగ్గకపోతే డాజ్‌ని మూసి మళ్లీ తెరవండి, ముందు రెండర్ మెమరీని వదిలిపెట్టకపోవచ్చు.

ఆట సైజు గిగాబైట్లలోకి పోతుంటే పీఎన్‌జీ బొమ్మలను వెబ్‌పిలోకి మార్చండి, చాలా తగ్గుతుంది. లైసెన్స్ సంగతి కూడా చూసుకోండి: డాజ్ వస్తువులతో తీసిన బొమ్మలు ఆటలో పెట్టుకోవచ్చు, 3డి మోడల్‌నే ఆటలో పెట్టాలంటే ఇంటరాక్టివ్ లైసెన్స్ విడిగా కావాలి.

దుకాణంలో ఆట పేజీ పెట్టాను, వెతికితే కనిపించడం లేదు

ముందు లాగవుట్ అయి వెతకండి. తర్వాత వేరే అకౌంట్‌తో, అడల్ట్ కంటెంట్ సెట్టింగ్ ఆన్ చేసి వెతకండి. ఆటలు అమ్మే స్టీమ్‌లో కేవలం పెద్దలకి అని గుర్తించిన ఆటలు, లాగిన్ అయి ఆ సెట్టింగ్ ఆన్ చేసుకున్నవాళ్లకే కనిపిస్తాయి. కాబట్టి మీ స్నేహితుడికి కనిపించలేదంటే అది పొరపాటు కాకపోవచ్చు.

సెట్టింగ్ సరిగ్గా ఉన్నా కనిపించకపోతే నిబంధనల వైపు చూడాలి. స్టీమ్ 2018లో పెద్దల ఆటలకి దారి తెరిచింది. 2025 జూలైలో, చెల్లింపుల సంస్థల నియమాలకి విరుద్ధమైన కంటెంట్ కూడా కుదరదని తన నిబంధనల్లో చేర్చింది. అదే నెల ఇచ్.ఐఓ అనే ఇంకో ఆటల దుకాణం అడల్ట్ గేమ్‌లను వెతుకులాట నుంచి తీసేసింది, తర్వాత ఉచితంగా ఇచ్చేవాటిని తిరిగి చేర్చింది. అంటే ఒక్క దుకాణం మీదే ఆధారపడితే రాత్రికి రాత్రి పేజీ మాయం కావచ్చు. ఆడేవాళ్లకి మిమ్మల్ని చేరే దారి ఇంకొకటి కూడా మొదటి నుంచీ పెట్టుకోండి.

స్టీమ్ ఒక్కో ఆటకి 100 డాలర్లు తీసుకుంటుంది, అమ్మకాలు 1000 డాలర్లు దాటాక అది తిరిగి వస్తుంది. కంటెంట్ గురించి అడిగే ప్రశ్నలకి ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచి తర్వాత దొరికితే పేజీయే పోతుంది. పాత్రలందరూ పెద్దవాళ్లే అయి ఉండాలి, చూడగానే అలాగే తెలియాలి. 18 అని రాసి చిన్నపిల్లలా గీస్తే ఎక్కడా ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా, ఈ ఒక్క విషయంలో ఎవరికీ నేను సాయం చేయను.

అరుదుగా వచ్చేవి

బొమ్మ మీ దగ్గర కనిపించి వేరే చోట కనిపించకపోతే ఫైల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చండి. యాంటీవైరస్ అడ్డుపడుతోందని ఒకరిద్దరు చెబుతారు, మీ బిల్డ్ శుభ్రంగా ఉంటే వదిలేయండి. వీడియో నల్లగా వస్తే వెబ్‌ఎమ్‌లోకి మార్చండి. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైతే తెర మినుకుమినుకుమంటుంది, డ్రైవర్ అప్‌డేట్ చేసుకోమనండి.