కొరియాలో ఇంగ్లీష్ టీచర్లు టికెట్ కొనే ముందు

కొరియా ప్రభుత్వ బడుల్లో పనిచేసే విదేశీ ఇంగ్లీష్ టీచర్లకు చలికాలం సెలవులు పిల్లలకొచ్చినన్ని రావు. మధ్యలో పిల్లలకు నడపాల్సిన ఇంగ్లీష్ క్యాంపు ఉంటుంది, కొన్ని రోజులు ఖాళీ బడికెళ్లి ఊరికే కూర్చోవాల్సి కూడా రావచ్చు. అందుకే కో-టీచర్‌ని, అంటే మీతో కలిసి పాఠం చెప్పే కొరియా టీచర్‌ని, క్యాంపు తేదీలు అడిగి, లీవు మంజూరయ్యాకే టికెట్ కొనండి. కొరియావాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం సొల్లాల్ పండగ (2026లో ఫిబ్రవరి 17) రోజుల్లో ప్రయాణం వద్దు, రేట్లు మండిపోతాయి. పోనీ వియత్నాం వెళ్దామన్నా అక్కడా అప్పుడే కొత్త సంవత్సరం, చాలా కొట్లు మూసే ఉంటాయి.

చాలామంది మర్చిపోయేది ఇంటిని వెచ్చగా ఉంచే గ్యాస్ బాయిలర్. గ్యాస్ ఆదా అవుతుందని పూర్తిగా ఆపేసి ఊరెళ్లకండి, జనవరి చలికి పైపులు గడ్డకట్టి పగులుతాయి. గోడమీది ప్యానెల్‌లో 'వెచుల్', అంటే బయటికెళ్లినప్పటి మోడ్, నొక్కండి. చలి మరీ ముదిరితే కుళాయిని చుక్కచుక్కగా కారేలా వదలండి.