కారుకు స్టీల్ బ్రేక్ హోస్‌లు: ఎంచుకోవడం, బిగించడం ఎలా?

బ్రేక్ ఆయిల్ వెళ్లే దారిలో ఎక్కువ భాగం గట్టి ఇనుప పైపే. చక్రం ఎగురుతూ, తిరుగుతూ ఉంటుంది కాబట్టి చివర్లో మాత్రం వంగే రబ్బరు హోస్ పెడతారు. పెడల్ గట్టిగా తొక్కినప్పుడు ఈ రబ్బరు కొద్దిగా ఉబ్బుతుంది, మన కాలి బలంలో కొంత దానికే పోతుంది. స్టీల్ హోస్‌లో లోపల పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ అనే ప్లాస్టిక్) గొట్టం, దానిపైన స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక ఉంటాయి. అది ఉబ్బడం చాలా తక్కువ, అందుకే పెడల్ గట్టిగా తగులుతుంది.

దీనివల్ల కారు ఆగే దూరం తగ్గిపోతుందని మాత్రం ఆశించకండి. తిరుమల ఘాట్ దిగుతుంటే బ్రేకులు పట్టు తప్పడానికి వేడెక్కిన ప్యాడ్‌లు, మరిగిన పాత ఆయిల్ కారణం. హోస్ మార్చినంత మాత్రాన అది పోదు. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ కోసమే అయితే ముందు ఆయిల్ మార్చండి, దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి.

మరి హోస్ ఎప్పుడు మార్చాలి? నా పాత కారులో ఒక ముందు చక్రం ఊరికే వేడెక్కేది. హోస్ మీద ఒక్క పగులు కూడా లేదు. విప్పి చూస్తే లోపలి పొర ఊడి, తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిచ్చి, వదిలాక వెనక్కి రానివ్వడం లేదు. రబ్బరు హోస్‌లు పదేళ్లు దాటిన కారుకు ఎలాగూ మార్చాలి. స్టీల్‌వి వేయడానికి అదే మంచి అదను. కొత్త కారుకైతే కంపెనీ రబ్బరు హోస్‌లే చాలు.

కొనేటప్పుడు

అల్లిక మెరుపు చూసి కొనకండి, చివర్లు చూడండి. ఫిట్టింగ్‌ను ఫ్యాక్టరీలోనే యంత్రంతో నొక్కి బిగించిన హోస్ తీసుకోండి. మీటర్ల లెక్కన కోసి షాపులో తయారుచేసి ఇచ్చేది బ్రేకులకు వద్దు. అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రకారం హోస్‌ను ఆపకుండా 35 గంటలు ఊపి పరీక్షిస్తారు. ఆ ప్రమాణానికి సరిపోయిన హోస్ మీద డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ పేరు) ముద్ర ఉంటుంది.

అల్లికపై పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే కొనండి. తొడుగు లేకపోతే తీగల మధ్య ఇసుక చేరి లోపలి గొట్టాన్ని కోస్తుంది. పైగా ఆ అల్లిక తగిలిన చోటల్లా ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇక మరలు. జపాన్, యూరప్ కార్లలో ఎక్కువగా ఎం10×1.0 (మిల్లీమీటర్ల కొలత) మర కనిపిస్తుంది. అమెరికన్ 3/8-24 (అంగుళాల కొలత) మర చూడ్డానికి అచ్చం అలాగే ఉండి, రెండు చుట్లు తిరిగి పట్టేసినట్టు అనిపిస్తుంది. అదే ప్రమాదం. మీ మోడల్, సంవత్సరం చెప్పి సెట్ తీసుకోండి. ఇంటికి తెచ్చాక పాతదాని పక్కన పెట్టి పొడవు, చివరి ఆకారం, మర పోల్చండి. మీ కారుకు ఎన్ని హోస్‌లున్నాయో కిందకు చూసి ముందే లెక్కపెట్టుకోండి.

బిగించేటప్పుడు

ముందురోజు రాత్రే ఇనుప పైపు నట్లకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. మర్నాడు కారును జాకీ మీద వదిలేయకుండా స్టాండ్‌ల మీద నిలబెట్టి, చక్రాలు తీయండి. పెడల్‌ను ఒక అంగుళం నొక్కి కర్రతో ఆపితే బ్రేక్ ఆయిల్ డబ్బాలోని ఆయిల్ మొత్తం కారిపోదు. బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ వైరు తీసేయండి.

ఒక్కో చక్రం పూర్తిచేశాకే రెండోదానికి వెళ్లండి. ఇనుప పైపు నట్టుకు మామూలు పానా వేస్తే మూలలు అరిగిపోతాయి, అప్పుడు పైపు కూడా మార్చాల్సి వస్తుంది. నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానానే వాడండి. హోస్ వైపు ఇంకో పానాతో పట్టుకుంటే పైపు మెలిపడదు. తర్వాత యు ఆకారపు క్లిప్పు లాగి పాత హోస్ తీసేయండి.

క్యాలిపర్ (ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగం) దగ్గర బాంజో బోల్టు (ఆయిల్ వెళ్లేలా మధ్యలో బోలుగా ఉండేది) ఉంటే, అది దూరే హోస్ చివరి రింగుకు రెండు వైపులా ఒక్కో రాగి వాషర్ వస్తుంది. రెండూ కొత్తవే వేయండి. పాత వాషర్ తరచూ క్యాలిపర్‌కే అంటుకుని ఉండిపోతుంది, వేలితో తడిమి చూడండి. అది అక్కడే ఉండగా కొత్తది వేస్తే ఆయిల్ కారుతుంది. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పి, చివరగా మాన్యువల్‌లోని అంకెకు టార్క్ రెంచ్‌తో బిగించండి.

హోస్ మెలిపడకుండా ఉందో లేదో చూసి స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. చక్రం వేలాడుతున్నప్పుడూ, కారు బరువు పడినప్పుడూ చూడాలి. ఎక్కడా బిగుతుగా లాగకూడదు, టైరుకు గానీ స్ప్రింగుకు గానీ తగలకూడదు. ఈ పని తొందరలో చేయొద్దు.

గాలి తీయడం

పెడల్ కింది కర్ర తీసేసి, ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టండి. వాళ్లు తొక్కి పట్టాక బ్లీడర్ (చక్రం దగ్గర గాలి బయటికి వదిలే చిన్న మర) విప్పండి, మూసేశాకే వదలమనండి. బుడగలు ఆగేదాకా ఇదే పని. కుడి స్టీరింగ్ కార్లలో సాధారణంగా వెనక ఎడమ చక్రంతో మొదలుపెడతారు, మీ మాన్యువల్ వేరే క్రమం చెబితే అదే పాటించండి. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్తే కొన్ని కార్లలో స్కానర్ లేకుండా బయటికి రాదు. డబ్బా మూతపై రాసిన రకమే పోయండి. డాట్ 5 సిలికాన్ ఆయిల్ మాత్రం కలపకండి. పెయింట్‌పై చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

బ్యాటరీ వైరు తిరిగి పెట్టి, ఇంజిన్ ఆన్ చేసి పెడల్‌ను 30 సెకన్లు బలంగా తొక్కి పట్టించి, ప్రతి జాయింటునూ టిష్యూ కాగితంతో తుడవండి. కాగితం తడిస్తే కారు కదలకూడదు. పెడల్ మెత్తగా ఉన్నా, మెల్లగా కిందికి జారుతున్నా అంతే, మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి. అంతా పొడిగా ఉంటే ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి చూసి, 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ కాగితంతో తుడిచి చూడండి. ఆ తర్వాత ఏడాదికోసారి తొడుగును మొత్తం పరిశీలించండి. ఒక్క తీగ తెగి బయటికి పొడుచుకొచ్చినా ఆ హోస్ మార్చేయండి.